ఉమ్మడి సముద్రము – ఉమ్మడి కాపలా

మహబూబాబాదు జిల్లాలోని నర్సింహులపేట నుండి సముద్రము, సూటిగా కొలిచినను, సుమారు 200 కిలోమీటర్ల దూరమున నున్నది. అక్కడి బడిపిల్లలలో సముద్రపు అలను కన్నులార చూచినవారు కొలదిమందియే యుందురు. అయినను ఆ ప్రాంతమున కురిసిన వాన సముద్రమును చేరు దారి మాత్రము స్పష్టమే. చెఱువులు నిండగా మిగిలిన నీరు ఆకేరులో పడును. ఆకేరు ఖమ్మము జిల్లాలో మున్నేటిని కలియును. మున్నేరు పోయి కృష్ణలో కలియును. కృష్ణ దివిసీమకడ బంగాళాఖాతమును చేరును. 2024 సెప్టెంబరు మొదటి దినములలో ఆకేరు, మున్నేరు పొంగి వంతెనలను, ఇండ్లను ముంచినపుడు ఆ బురదనీరంతయు ఈ దారినే పోయినది. పొలములనుండి జారిన ఎరువు, ఊళ్లనుండి కొట్టుకొనిపోయిన ప్లాస్టిక్కు, గట్లు తెగి కరగిన మన్ను కొంత నదీముఖమందలి మడచెట్ల వేళ్లలో చిక్కుకొనును, కొంత సముద్రమున పడును. కృష్ణ ముఖమందలి ఆ మడ అడవులు 1989లో వన్యప్రాణి ఆశ్రయముగా ప్రకటింపబడినవి.

సముద్రములోగాని, నదీముఖములందుగాని కొంత మేరను గుర్తించి, అందు చేపలు పట్టుట, చెట్లు నఱకుట, ఇసుక తీయుట మొదలగు పనులను చట్టముచే మాన్పించినచో, లేదా ఒక హద్దులో ఉంచినచో, దానిని సముద్ర రక్షిత ప్రాంతమందురు. 2022 డిసెంబరులో కెనడాలోని మాంట్రియల్ నగరమున సమావేశమైన దేశములు 2030 నాటికి భూమిలో 30 శాతము, సముద్రములో 30 శాతము ఇట్లు రక్షింపవలెనని ఒడంబడినవి. పటముమీద గీత గీయుట సులభము. ఆ గీతకు కాపలా ఎవరు? కాపలావానికి జీతమెవరిత్తురు? గీత దాటిపోవు ప్రాణులను అవతలివారు చంపకుండుటకు ఒడంబడిక ఏమి? ఈ ప్రశ్నలకు బంగాళాఖాతము చుట్టునున్న ప్రజలు కాలక్రమమున ఇచ్చుకొన్న సమాధానములు ఒక చిన్న చరిత్రకు చాలినంత యున్నవి.

ఓరుగల్లు రాజు – మోటుపల్లి రేవు

సముద్రమునకు దూరముగా నున్నవారు సముద్రమునకు చట్టము చేయుట మనకు కొత్త గాదు. ఓరుగల్లునేలిన కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున ఒక అభయశాసనము వేయించెను. ఇప్పటి బాపట్ల జిల్లాలోని ఆ ఊరియందు, వీరభద్రాలయమున, ఆ శాసనస్తంభము నేటికిని కలదు. అంతకుముందు తుపానులో చిక్కి దారి తప్పిన ఓడ తీరమునకు కొట్టుకొనివచ్చినచో, అందలి ఏనుగులను, గుఱ్ఱములను, బంగారమును, రత్నములను ఆ తీరపు ప్రభువులు బలాత్కారముగా పట్టుకొనుచుండిరి. గణపతిదేవుడు ఆ ఆచారమును మాన్పి, నిర్ణయించిన సుంకము తప్ప మఱేమియు తీసికొనబోమని దేశాంతర వర్తకులకు మాట యిచ్చెను. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట ఒక వంతు. చందనము, కర్పూరము, ముత్యములు, పట్టు మొదలగు సరకులకు వేఱుగా రేట్లు కూడ చెక్కించెను.

ఇది చేపలను గూర్చిన శాసనము కాదు. కాని సముద్రపాలనలో ఉండవలసిన మూడంశములు ఇందు కలవు. ఎల్లలు దాటి వచ్చువారికి వర్తించు నియమము, అది అందఱు చదువుకొనునట్లు వ్రాయబడుట, ఆ రేవు రక్షణకు ఆ రేవునుండియే వచ్చు రాబడి. మూడవది లేనిచో మొదటి రెండును రాతిమీద అక్షరములుగా మిగిలిపోవును. ఈ మాట గుర్తుంచుకొన్నచో తరువాతి కథ తేలికగా బోధపడును.

ఆ కాలపు దేవాలయములలో మఱియొక యేర్పాటు కలదు. అఖండదీపము వెలిగించుటకు దాత డబ్బు ఇచ్చుటకు మారుగా గొఱ్ఱెల మందను ఇచ్చుచుండెను. ఆ మందను ఒక బోయ తన వశము చేసికొని, రోజునకు ఇంత నెయ్యి చొప్పున గుడికి కొలుచుచుండెను. మందను కోసి తినరాదు, ముసలివి పోయిన పిల్లలు ఎదుగును, దీపము ఆరదు. అసలును కదల్చక రాబడితో పని నడపు ఈ పద్ధతిని నేటి ఆర్థికవేత్తలు శాశ్వత నిధి యని పిలుచుచున్నారు. ప్రపంచమందలి కొన్ని సముద్ర ప్రాంతముల కాపలా నేడు ఈ పద్ధతిమీదనే నడచుచున్నది. దాని సంగతి ముందు వచ్చును.

కోరంగి పాఠము

తెలుగు తీరమున రక్షిత ప్రాంతములలో పేరుపొందినది కాకినాడకు చేరువనున్న కోరంగి. గోదావరి పాయలు సముద్రమున కలియుచోట 235 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించిన ఈ మడ అడవులను 1978లో వన్యప్రాణి ఆశ్రయముగా ప్రకటించిరి. నీరుపిల్లులు, బావురుపిల్లులు ఇందు నివసించును. 2018 నాటి గణనలో బావురుపిల్లులు 115 అని తేలినది. దీనికి తూర్పున సుమారు 16 కిలోమీటర్ల పొడవున హోప్ ఐలాండ్ అను ఇసుకదిబ్బ కలదు. గోదావరి తెచ్చిన ఇసుకతో గత రెండు శతాబ్దములలో ఏర్పడిన ఈ దిబ్బ, కాకినాడ అఖాతమునకు అడ్డుగోడవలె నిలిచి అలల తాకిడిని ఆపుచున్నది. దానిమీద తాబేళ్లు గ్రుడ్లు పెట్టును.

కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టు గొప్ప రేవు. 1789 డిసెంబరులోను, 1839 నవంబరు 25వ తేదీనను వచ్చిన ఉప్పెనలు దానిని కూల్చివేసినవి. 1839లో మూడు లక్షలమంది చనిపోయిరని పలు గ్రంథములలో కనబడును గాని, ఆ నాటి ఆ ప్రాంతపు జనసంఖ్యను తలచినచో ఆ లెక్కను నమ్ముట కష్టము. 1789 నాటి ఉప్పెనను వర్ణించిన కలకత్తా వాసి హెన్రీ పిడింగ్టనే, సుడి తిరుగు తుపానులకు ‘సైక్లోన్’ అను పేరును తన 1848 నాటి గ్రంథమున వ్యాప్తికి తెచ్చెను. భౌతికశాస్త్రము చదువు విద్యార్థులు నిత్యము వాడు ఈ పదమునకు కోరంగితో ఇట్టి బంధుత్వము కలదు.

ఆశ్రయముగా ప్రకటించినంత మాత్రమున అడవి బాగుపడలేదు. మడచెట్లను వరుసగా నఱకు పాతపద్ధతి కొన్నిచోట్ల విచిత్రమైన నష్టము కలిగించినది. నీడ పోయిన బురదనేల ఎండకు ఆరి క్రుంగును. క్రుంగిన గుంటలోనికి పోటునీరు వచ్చునుగాని, పాటు సమయమున తిరిగి పోలేదు. నిలిచిన నీరు ఆవిరికాగా ఉప్పు మిగులును. మరల పోటు వచ్చును, మరల ఆవిరి అగును. కొన్నేండ్లకు ఆ నేలలో ఉప్పు సముద్రజలమునందలి ఉప్పుకన్న ఎన్నో రెట్లు అగును. ఉప్పునీట పెరుగు మడమొక్క కూడ అట్టి నేలలో బ్రతుకజాలదు. ఎవరో పశువులను మేపుటవలన, ఎవరో కట్టెలు కొట్టుటవలన అడవి తిరిగి లేవకున్నదని చిరకాలము పల్లెవారిని నిందించుచు వచ్చిరి. అసలు దోషము నేలమట్టములో నుండెను.

1996 నుండి ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ, తీరపు పల్లెలవారు కలిసి దీనికి మందు కనుగొనిరి. అందుకు డబ్బు భారత–కెనడా పర్యావరణ నిధినుండి వచ్చినది. చేపముల్లును పోలిన కాలువలు త్రవ్విరి. నడుమ ఒక పెద్ద కాలువ పాయలో కలియును, దానికి ఇరుప్రక్కల ఏటవాలుగా చిన్న కాలువలుండును. పోటునీరు వచ్చి, పాటునకు పోవుచు, నేలలోని ఉప్పును కడిగివేయును. అప్పుడు కాలువగట్లవెంట మొక్కలు నాటుదురు. పల్లెలలో సంఘములేర్పడి, కాలువల పూడిక తీయుట, మొక్కల కాపలా తమ వంతుగా స్వీకరించినవి. ఒక ప్రభుత్వశాఖ, ఒక శాస్త్రసంస్థ, పల్లెలు, దూరదేశపు డబ్బు — ఈ నాలుగును కలిసిన తరువాతనే 1978 నాటి ప్రకటనకు ప్రాణము వచ్చినది. కాలువలో పూడిక మాత్రము ఏటేట చేరును. డబ్బు ఏటేట రాదు.

గీత దాటు ప్రాణులు

కోరంగి హద్దులోపల ఎంత కాపలా యున్నను రక్షింపరాని ప్రాణులు రెండు కలవు. ఒకటి ఆలివ్ రిడ్లీ తాబేలు, రెండవది పులస.

ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఒడిశా తీరమున లక్షలుగా గుంపులు గట్టి గ్రుడ్లు పెట్టునని శాస్త్రలోకమునకు తెలిసినది 1974లో. మొసళ్ల సంరక్షణమునకై వచ్చిన హెచ్.ఆర్. బస్టర్డు అను శాస్త్రజ్ఞుడు గహిర్‌మఠ తీరమును గూర్చి లోకమునకు చాటెను. ఋషికుల్య నదీముఖమందలి గుంపు 1994లో గాని శాస్త్రజ్ఞుల దృష్టికి రాలేదు. ఆంధ్ర సరిహద్దునకు అంత దగ్గఱనున్నను! గహిర్‌మఠ చుట్టునున్న 1,435 చదరపు కిలోమీటర్లు 1997లో సముద్ర ఆశ్రయమైనవి. 2025లో ఈ రెండు చోట్ల కలిపి 12 లక్షలకు పైగా తాబేళ్లు గ్రుడ్లు పెట్టినవి.

గ్రుడ్లు పెట్టిన పిదప అవి ఎక్కడకు పోవును? రెక్కలకు లోహపు బిళ్లలు తగిలించి విడిచిన తాబేళ్లు తమిళనాడు దక్షిణ తీరమునను, శ్రీలంకలోను దొరకినవి. 2001లో దేవీ నదీముఖమున నాలుగు తాబేళ్లకు ఉపగ్రహమునకు సంకేతములు పంపు యంత్రములు అమర్చగా, ఒకటి శ్రీలంకవైపు సాగినది. 2021 మార్చిలో ఒడిశాలో బిళ్ల కట్టించుకొన్న మఱియొకటి 2025 జనవరిలో మహారాష్ట్రయందలి గుహాగర్ తీరమున గ్రుడ్లు పెట్టుచు కనబడినది. తూర్పుతీరము వేఱు, పడమటితీరము వేఱు అను మన లెక్కను అది త్రోసివేసినది. ఈ ప్రయాణములందు ఆంధ్రతీరము వాని రాజమార్గము. ట్రాలు వలలో చిక్కిన తాబేలు ఊపిరికై నీటిపైకి రాలేక చచ్చును. ఏటేట విశాఖ, కాకినాడ తీరములకు కొట్టుకొనివచ్చు తాబేళ్ల కళేబరములలో పెక్కింటి చావునకు కారణమిదియే. గహిర్‌మఠలో ఎంతమంది తుపాకులతో కాపలాయున్నను, దానికి దక్షిణమున ఒక రాత్రి వేసిన వల ఆ కాపలాను వమ్ము చేయగలదు.

పులస కథ తెలుగువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. పుస్తెలమ్మియైనను పులస తినవలెనను సామెత గోదావరి జిల్లాలలో పుట్టినది. సముద్రములో నున్నంతకాలము ఇలస యనబడు ఈ చేప, వరదనీటికి ఎదురీది గోదావరి ఎక్కి, పులస యగును. బెంగాలీలకు ఇది ఇలిష్. భారతదేశము, బంగ్లాదేశము, మయన్మారు ఈ మూడు దేశముల నీటిలోను ఇది తిరుగును. ప్రపంచపు ఇలస పంటలో సగమునకు పైగా బంగ్లాదేశమున దొరకును. ధవళేశ్వరము ఆనకట్ట గోదావరిలో దాని ఎదురీతకు అడ్డు పడినది; 1975లో ఫరక్కా ఆనకట్ట గంగలో అడ్డు పడినది. అంతకు పూర్వము ఇది అలహాబాదు దాటి పోవుచుండెను. ఒక దేశము పిల్లచేపలను కాపాడి, ప్రక్క దేశము వానిని పట్టినచో, మొదటి దేశపు జాలరికి త్యాగము మిగులును, రెండవ దేశపు జాలరికి చేప మిగులును. సముద్రమందలి రక్షిత ప్రాంతములకు పొత్తు ఎందుకు కావలెనో చూపుటకు ఇంతకన్న మంచి ఉదాహరణము లేదు.

మద్రాసులో ఒక కార్యాలయము

పొత్తునకు మొదటి ప్రయత్నము 1979లో జరిగినది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, స్వీడను దేశపు ధనసహాయముతో, మద్రాసు కేంద్రముగా ‘బంగాళాఖాత కార్యక్రమము’ను ఆరంభించెను. మొదట బంగ్లాదేశము, భారతదేశము, శ్రీలంక, మలేషియా, థాయిలాండు చేరినవి. పిదప ఇండోనేషియా, మాల్దీవులు కలిసినవి. దీని ఉద్దేశము సముద్రరక్షణ కాదు, చిన్న జాలరుల బ్రతుకుతెరువు. అలలలోనుండి తిన్నగా ఇసుకపైకి చేరగల ఇంజను పడవలను రూపొందించి ఆంధ్రతీరమునను పరీక్షించిరి. చేపలు ఎక్కువగా పట్టుటకు నేర్పిన కార్యక్రమమే, కొన్నేండ్లు గడచిన తరువాత, చేపలు తఱిగిపోవుచున్నవని గ్రహించి వానిని కాపాడు విధమును గూర్చి మాటలాడవలసి వచ్చినది. ఇందు తప్పుపట్టదగినది లేదు. ఏడు దేశముల మత్స్యశాఖాధికారులు ఒకే బల్లచుట్టు కూర్చుండుట అప్పటికి అదియే మొదలు. ఆ పరిచయమే దాని నిజమైన ఫలము.

దాత దేశములు క్రమముగా చేయి తీసివేయగా ఆ కార్యక్రమము మూతపడవలసినదే. కాని 2003 ఏప్రిల్ 26న చెన్నైలో బంగ్లాదేశము, భారతదేశము, శ్రీలంక ఒక ఒప్పందముపై సంతకము చేసినవి. మరుసటి నెలలో మాల్దీవులు చేరినవి. అప్పటినుండి అది సభ్యదేశములు తామే చందా వేసికొని నడుపు అంతర్ప్రభుత్వ సంస్థ. ఏడుగురిలో నలుగురే మిగిలిరి, కాని ఆ నలుగురు తమ సొంత డబ్బు తెచ్చిరి.

ఈ నడుమ తాబేళ్లను గూర్చి ఒక వ్యాజ్యము జరిగినది. ట్రాలు వలలో ఇనుప చువ్వల జల్లెడను అమర్చినచో, రొయ్యలు చువ్వల సందులనుండి వెనుకకు పోవును, తాబేలు జల్లెడకు తగిలి పైనున్న ద్వారమునుండి బయటపడును. దీనిని ‘టెడ్’ అందురు. ఇది లేని ఓడలు పట్టిన రొయ్యలను కొనరాదని అమెరికా 1989లో చట్టము చేసి, 1996లో దానిని ప్రపంచమంతటికి వర్తింపజేసెను. భారతదేశము, మలేషియా, పాకిస్థాను, థాయిలాండు కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేసినవి. 1998 అక్టోబరు 12న అప్పీలు మండలి తీర్పు చెప్పినది. తాబేళ్లను కాపాడుట న్యాయమైన పనియే. కాని కరిబియను దేశములకు మూడేండ్ల గడువిచ్చి, వానితో కూర్చుండి ఒడంబడిక చేసికొన్న అమెరికా, ఆసియా దేశములకు నాలుగు నెలలే గడువిచ్చుట, వానితో సంప్రదింపకుండుట పక్షపాతము. ఈ తీర్పు సారము ఒక్క మాటలో చెప్పవలెనన్న, కాపలా కోరువాడు ముందు పొరుగువానితో మాటలాడవలెను.

మాటలు అటుపిమ్మట వడిగా సాగినవి. 1999లో పెర్త్, 2000లో క్వాంటన్, 2001 జూన్‌లో మనీలా నగరములందు దేశములు కూడినవి. హిందూ మహాసముద్రము, ఆగ్నేయాసియా తాబేళ్ల రక్షణకై ఒక అవగాహన పత్రము 2001 సెప్టెంబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. భారతదేశము 2007లో సంతకము చేసెను. అయితే ఇది చట్టముచే బంధించు ఒప్పందము కాదు, చందాయును ఐచ్ఛికమే. టెడ్ విషయము నేటికిని తేలలేదు. మన ట్రాలర్లు దానిని సరిగా వాడుటలేదని, 2019లో అమెరికా భారత సముద్రపు రొయ్యల దిగుమతిని మరల నిలిపివేసినది. చెరువు రొయ్యలకు ఆ అడ్డు లేదు. కనుక గోదావరి జిల్లాల రైతులకు అది తగలలేదు, తగిలినది సముద్రముమీద బ్రతుకువారికి.

డబ్బు తీరినప్పుడు

2009లో ఎనిమిది దేశములు, ప్రపంచ పర్యావరణ నిధి, నార్వే, స్వీడను మొదలగువారు కలిసి మొత్తము 3 కోట్ల 10 లక్షల డాలర్లతో బంగాళాఖాతపు మహాసముద్ర జీవావరణ పథకమును ఆరంభించిరి. ఇండోనేషియా, మయన్మారు కూడ ఇందు కలవు. ఇలస నిలువలను మూడు దేశముల శాస్త్రజ్ఞులు కలిసి లెక్కించిరి. భారత–శ్రీలంకల నడుమనున్న మన్నారు అఖాతమును, మయన్మారు–థాయిలాండుల నడుమనున్న మెర్గుయి దీవులను ఇరుప్రక్కలవారు కలిసి చూచుకొను విధమును చర్చించిరి. 2015లో ఎనిమిది ప్రభుత్వములు ఒక కార్యప్రణాళికపై సంతకములు చేసినవి. ఆ ఏడాదితో మొదటి దశ ముగియవచ్చెను. రెండవ దశ మాత్రము 2020 దాటిన పిమ్మటగాని మొదలుకాలేదు. సంతకమునకు, సొమ్మునకు నడుమ అన్నేండ్ల ఎడము! ఆ ఎడములో శిక్షణ పొందిన ఉద్యోగులు వేఱు పనులకు పోవుదురు, కొలతల వరుస తెగును, పల్లెవాడు మాట మరచును.

కోరంగిలోను ఇట్టి ప్రశ్నయే వచ్చినది. 2011లో ప్రపంచ పర్యావరణ నిధి, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వములు కలిసి తూర్పుగోదావరి నదీముఖ జీవావరణమునకై ఒక ప్రాజెక్టు ఆరంభించినవి. ప్రపంచనిధి వాటా సుమారు 60 లక్షల డాలర్లు. అడవిశాఖ ఒక్కటియే అడవిని కాపాడలేదనియు, కాకినాడ రేవు, చమురు–వాయువు సంస్థలు, రొయ్యల చెరువులు, ఉప్పుమడులు, చేపల పడవలు అన్నియు అదే నీటిమీద ఆధారపడియున్నవనియు గుర్తించి, వారందఱిని ఒకచోట కూర్చుట దీని ఉద్దేశము. అందుకై ‘ఈగ్రీ ఫౌండేషన్’ అను సంస్థను ఏర్పఱచిరి. దాత వెళ్లిన తరువాత కూడ నిలువవలసిన ఇల్లు అది. తమిళనాడు ఇట్టిదానినే మన్నారు అఖాతమునకై 2000లో ట్రస్టు రూపమున స్థాపించుకొన్నది. అయితే ఇల్లు కట్టుట వేఱు, అందు రోజును పొయ్యి వెలుగుట వేఱు. నిలుకడయైన రాబడి లేని సంస్థకు భవనము, బోర్డు, సమావేశపు మినిట్సు మాత్రము మిగులును.

ఇతర సముద్రములందు దీనికి ఏమి ఉపాయము చేసిరి? మెక్సికో, బెలీజు, గ్వాటిమాలా, హోండురాసు నాలుగింటికి ఉమ్మడియైన పెద్ద పగడపుదిబ్బ ఒకటి కలదు. 1997లో ఆ నాలుగు దేశముల అధినేతలు తులుమ్ అనుచోట దానిని కలిసి కాపాడుదుమని ప్రకటించిరి. 2004లో ఉమ్మడి నిధి ఏర్పడినది. దాని అసలు కదలదు. రాబడిని రక్షిత ప్రాంతములకు పంచుదురు. ఇది మన గొఱ్ఱెల మందయే! పశ్చిమ ఆఫ్రికాలోని మౌరిటానియా దేశపు బాన్ ద’ఆర్గిన్ జాతీయోద్యానము చేపలు పిల్లలను పెంచు లోతులేని సముద్రము. ఆ చేపలే పెరిగి బయటకు పోయి యూరోపు ఓడల వలలలో పడును. కాబట్టి యూరోపు ఆ దేశమునకు చెల్లించు మత్స్యరుసుములో కొంత ఉద్యానమునకు చేరునట్లు చేసి, 2009లో అచటనొక శాశ్వత నిధిని స్థాపించిరి. పసిఫిక్కులోని పలావు దీవులు అదే సంవత్సరము దేశము విడిచిపోవు ప్రతి యాత్రికునినుండి 15 డాలర్ల హరితరుసుము వసూలు చేయనారంభించినవి. అంతకు మూడేండ్లు ముందు, 2006లో, పలావు మఱి నాలుగు ఇరుగుపొరుగు దీవుల ప్రభుత్వములతో కలిసి తీరసముద్రమున 30 శాతము కాపాడుదుమని ఒట్టు పెట్టుకొన్నది.

ఈ మూడింటిలో మౌరిటానియా పద్ధతి మనకు మిక్కిలి గమనింపదగినది. రక్షణవలన లాభపడువాడెవడో గుర్తించి, వానిచేతనే ఖర్చు పెట్టించుట అందలి కిటుకు. గణపతిదేవుని సుంకము కూడ రేవున లాభపడు వర్తకునినుండియే వచ్చినది గదా. కాకినాడ అఖాతమున హోప్ ఐలాండ్ చాటున లంగరు వేయు ప్రతి ఓడయు ఆ దిబ్బకు, దాని వెనుకనున్న మడ అడవికి ఋణపడియున్నది. ఆ ఋణమునకు లెక్క కట్టుట సాధ్యమే.

అఱువదియొక్క దినములు

పెద్ద పథకములను విడిచి, ఇప్పటికే నడచుచున్న ఒక చిన్న యేర్పాటును చూచినచో పొత్తు ఎట్లు పనిచేయునో స్పష్టమగును. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమున మరపడవలు సముద్రముమీదకు పోరాదను నిషేధము మన తూర్పుతీరమంతట కలదు. పశ్చిమ బెంగాలు నుండి తమిళనాడు వరకు ఒకే తేదీలు. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు. 2015కు పూర్వము ఇది మే 31తో ముగిసి 47 దినములుగా నుండెను. ఆ ఏడాది 61 దినములైనది. తీరమునుండి 12 నాటికల్ మైళ్లవరకు రాష్ట్రమునకు, అటుపై కేంద్రమునకు అధికారము. ఒక రాష్ట్రము మూసి మఱియొకటి తెఱచినచో నిషేధము నవ్వులపాలగును. అందఱును ఒకే దినమున మూయుటయే దీని బలము.

కాలమును బట్టి వచ్చు రక్షిత ప్రాంతము వంటిది ఈ నిషేధము. దాని ఖర్చును మోయువాడు రెండు నెలలు కూలి లేని జాలరి. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఆ కాలమునకై కుటుంబమునకు 4,000 రూపాయలు ఇచ్చుచుండెను. 2019లో అది 10,000 రూపాయలు, 2025లో 20,000 రూపాయలు అయినది. ఇది బడ్జెటునుండి వచ్చు డబ్బు, నిధినుండి వచ్చు రాబడి కాదు. ఏ ఏటికి ఆ ఏడు కేటాయింపవలెను. పడవమీద పనిచేయువారిని లెక్కించినట్లు, రేవున తట్టలతో చేప కొని ఊరూర అమ్ము స్త్రీలను ఈ లెక్కలో చేర్చలేదు. చేప రాని రెండు నెలలు వారి తట్టయు ఖాళీయే.

బంగ్లాదేశము పద్ధతి వేఱు. పిల్ల ఇలసను పట్టరాని నాలుగు నెలలు జాలరి కుటుంబములకు నెలకు 40 కిలోల బియ్యము ఇచ్చుచు వచ్చినది. సముద్రమున అన్ని చేపలకును వర్తించు 65 దినముల నిషేధమును మొదట 2015లో పెద్ద ట్రాలర్లకు, 2019లో అన్ని పడవలకు విధించెను. అది మే 20 నుండి జూలై 23 వరకు. ఇక్కడనే చిక్కు వచ్చినది. జూన్ 15న మన నిషేధము తీరును. వారిది ఇంకను ఐదువారములకు పైగా మిగిలియుండును. తాము ఒడ్డున కూర్చుండగా భారతీయుల పడవలు తమ చేపలను పట్టుకొనిపోవుచున్నవని వారి జాలరులు ఏండ్లతరబడి మొఱపెట్టిరి. రెండు దేశముల నడుమ సముద్రపు హద్దు 2014 జూలైలో అంతర్జాతీయ మధ్యవర్తుల తీర్పుచే తేలినది. వివాదమందున్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశమునకు వచ్చినవి. హద్దు తేలినను చేపకు హద్దు లేదు గనుక మొఱ ఆగలేదు.

2025 మార్చిలో బంగ్లాదేశ ప్రభుత్వము తన నిషేధకాలమును మార్చి, ఏప్రిల్ 15 నుండి జూన్ 11 వరకు 58 దినములుగా ప్రకటించెను. ఆ ఏడు తొలిసారిగా సముద్రపు హద్దునకు ఇరుప్రక్కల పడవలు ఒకే ఉదయమున ఒడ్డున కట్టబడినవి. ఇందుకు ఏ ప్రపంచనిధియు డబ్బు ఇయ్యలేదు. రెండు తేదీలను ఒకటి చేయుటకు పట్టినవి పది సంవత్సరములు.

విప్పుటలో మాత్రము ఇంకను తేడా యున్నది. జూన్ 12న బంగ్లాదేశపు పడవలు సముద్రమునకు సాగును. విశాఖ, కాకినాడ రేవులలో మంచుగడ్డలు, డీజిలు నింపుకొన్న పడవలు జూన్ 15 వరకు వేచియుండును. గోదావరికి అప్పటికి ఎఱ్ఱనీరు రాదు. పులస ఆనకట్ట దిగువకు చేరుటకు జూలై రావలెను.